మా తాబేలు తన మలం తానే తింటోంది డాక్టరమ్మా!

ఇంటి జంతువులు: పాఠకుల ప్రశ్నలకు పశువైద్యురాలి జవాబులు

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. మేము అమెరికాలో, అరిజోనా రాష్ట్రంలోని చాండ్లర్‌లో ఉంటాము. మా అబ్బాయి పట్టుబట్టి సుల్కాటా జాతి తాబేలు పిల్లను కొనిపించుకున్నాడు. అప్పుడు అరచేతిలో ఇమిడేది. ఇప్పుడు దానికి ఆరేళ్ళు, బరువు పన్నెండు కిలోలు దాటింది. కూర్మయ్య అని పిలుస్తాము. పగలంతా పెరట్లో తిరుగుతుంది, రాత్రికి తాను తవ్వుకున్న బొరియలోకి వెళ్ళిపోతుంది. ఈమధ్య గుంటూరు నుంచి మా అత్తగారు వచ్చారు. ఒక ఉదయం తులసి కుండీకి నీళ్ళు పోస్తూ, కూర్మయ్య తాను వేసిన మలాన్ని తానే తినడం ఆవిడ చూశారు. అవతారమూర్తి పేరు పెట్టుకున్న జీవి ఇలాంటి పని చేయడమేమిటని బాధపడ్డారు. మీరు దాని కడుపు మాడుస్తున్నారు, అందుకే తింటోంది అంటూ ఆ రోజు నుంచి పెరుగన్నం, అరటిపండు పెడుతున్నారు. అయినా అలవాటు మానలేదు. పైగా ఇప్పుడు మలం జారుగా, దుర్వాసనతో వస్తోంది. నిన్న మా కుక్క వేసినదాన్ని కూడా నోట పెట్టుకుంది. మా మూడేళ్ళ పాప ఎప్పుడూ దాని వెంటే ఉంటుంది. ఇది జబ్బా? ఏదైనా లోపమా? మాన్పించడం ఎలా?

జవాబు: అమ్మా, ముందుగా ఇంట్లో అందరూ కాస్త స్థిమితపడండి. కూర్మయ్యకు పిచ్చి పట్టలేదు, మీరు దాని కడుపు మాడ్చడమూ లేదు. గడ్డి తిని బతికే మెట్ట తాబేళ్ళకు మలం తినడం పుట్టుకతో వచ్చిన అలవాటు. సుల్కాటాలను పెంచేవారిలో ఈ దృశ్యం చూడనివారు అరుదు. మా ఆసుపత్రికి తాబేళ్ళను తెచ్చేవారు మిగతా సంగతులన్నీ చెప్పి, లేచి వెళ్ళబోతూ, గొంతు తగ్గించి ఈ మాట అడుగుతుంటారు. సిగ్గుపడవలసినది ఏమీ లేదు. అయితే మీ ఉత్తరంలో నన్ను నిజంగా కలవరపెట్టినవి వేరే ఉన్నాయి. అరటిపండు, కుక్క, మూడేళ్ళ పాప. మలం ఎందుకు తింటుందో చెప్పి వాటి దగ్గరికి వస్తాను.

గడ్డిలోని పీచును అరిగించుకునే శక్తి తాబేలుకు సొంతంగా లేదు. ఆ మాటకొస్తే ఆవుకూ లేదు, ఏనుగుకూ లేదు. వాటి పొట్టలో కాపురముండే సూక్ష్మజీవులే ఆ పని చేసిపెడతాయి. ఆవులో అవి ముందువైపున, నెమరుకు సంబంధించిన పెద్ద పొట్టలో ఉంటాయి. తాబేలులో వెనుకవైపున, పెద్దపేగులో ఉంటాయి. తిన్న గడ్డి అక్కడ రోజుల తరబడి నిలిచి పులుస్తుంది. అలా పులిసినప్పుడు పుట్టే కొవ్వు ఆమ్లాలు పేగు గోడల గుండా రక్తంలోకి చేరి తాబేలుకు శక్తినిస్తాయి. అయితే ఆ సూక్ష్మజీవులు బి విటమిన్లను కూడా తయారుచేస్తాయి, వాటి ఒంట్లో మాంసకృత్తులూ ఉంటాయి. ఇలాంటి పోషకాలను బాగా పీల్చుకునేది చిన్నపేగు. మేత పులిసే చోటికి వచ్చేసరికి చిన్నపేగు వెనకబడిపోయింది. అందుకని ఆ పోషకాల్లో పెద్ద వాటా మలంతో పాటు బయటపడుతుంది. మళ్ళీ తింటే అందులో కొంతయినా ఒంటికి పడుతుంది. కుందేలు ఇదే పనిని నిత్యకృత్యంగా చేస్తుంది. గట్టి పెంటికలను వదిలేసి, వేరుగా వచ్చే మెత్తని ముద్దలను నేల మీద పడనీయకుండానే నోటితో అందుకుని మింగుతుంది. తాబేలుకు అంత ఏర్పాటు లేదు. ఎదురుపడితే తింటుంది, లేకపోతే లేదు.

కూర్మయ్య జాతి పుట్టినిల్లు సహారా ఎడారికి దక్షిణపు అంచున, సెనెగల్ నుంచి ఇథియోపియా వైపు సాగే సాహెల్ నేల. ఏడాదిలో ఎక్కువ నెలలు అక్కడ వాన ఉండదు. దొరికేది ఎండు గడ్డి, ముళ్ళ పొదల ఆకులు. అలాంటి చోట సగం అరిగిన గడ్డి, కాస్త తడి, కొన్ని ఖనిజాలు కలిసి ఉన్న ముద్ద కాలికి తగిలితే ఏ తాబేలూ వదులుకోదు. తన మలమే కాదు, పశువుల పేడ కనబడినా కొరుకుతుంది. హిందూ మహాసముద్రంలో అల్డాబ్రా దీవుల మహా తాబేళ్ళు, దక్షిణ అమెరికా అడవుల ఎర్రకాళ్ళ తాబేళ్ళు కూడా మలం తింటాయి. చచ్చిన జంతువు కనబడితే దాన్నీ తింటాయి.

పిల్ల తాబేళ్ళ విషయంలో దీనికి మరో ప్రయోజనం ఉంది. తల్లి గుడ్లు పెట్టి మట్టి కప్పి వెళ్ళిపోతుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్లకు గడ్డిని పులియబెట్టే సూక్ష్మజీవులు ఎవరు ఇవ్వాలి? ఈ ప్రశ్నకు చక్కని జవాబు తాబేళ్ళలో కాక, వాటిలాగే ఆకులు తినే ఇగ్వానా బల్లుల్లో దొరికింది. పనామాలో వాటిని గమనించిన కేథరిన్ ట్రాయర్ 1982లో సైన్స్ పత్రికలో ఆ సంగతి రాశారు. పుట్టిన పిల్లలు ముందు గూటిలోని మట్టి తింటాయి. తరువాత చెట్లెక్కి పెద్ద ఇగ్వానాల దగ్గరికి చేరి వాటి మలం తింటాయి. అలా ఆ సూక్ష్మజీవులు ఒక తరం నుంచి మరో తరానికి అందుతాయి. ఏనుగు గున్నలు తల్లి లద్దె తినేదీ ఇందుకే.

మీ అత్తగారు పాడి ఉన్న ఇంట్లో పెరిగినవారైతే ఇలాంటిది ఆవిడకు కొత్త కాకపోవచ్చు. నేను తిరుపతి పశువైద్య కళాశాలలో చదువుకునే రోజుల్లో, మేత మానేసిన ఆవుకు ఆరోగ్యంగా ఉన్న ఆవు నోటి నుంచి నెమరు ముద్ద తీసి తినిపించే రైతులను చిత్తూరు జిల్లా పల్లెల్లో చూశాను. మా ప్రొఫెసర్లు అదే పనిని గొట్టంతో చేయించేవారు. బాగున్న పశువు పొట్టలోని ద్రవాన్ని తీసి, వడకట్టి, గోరువెచ్చగా ఉండగానే జబ్బు పశువు పొట్టలోకి పంపేవాళ్ళం. మర్నాటికి చెవులు నిక్కబొడుచుకుని గడ్డి కోసం మెడ చాచిన ఆవులను కళ్ళారా చూశాను. ఒక ప్రాణి పొట్టలోని సూక్ష్మజీవులు మరో ప్రాణికి మందవుతాయని అక్కడే నేర్చుకున్నాను. కూర్మయ్య చేసేదాన్ని నేను అసహ్యంగా చూడలేకపోవడానికి అది కూడా ఒక కారణం.

ఇక హాని సంగతి. తాబేలు మలం తినడంలో హాని ఉందా లేదా అన్నది ఆ మలం ఎవరిది, ఎన్నాళ్ళది అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది.

ఆరోగ్యంగా ఉన్న తాబేలు తాను ఇప్పుడే వేసినదాన్ని తింటే భయం లేదు. అందులో ఉన్నవన్నీ దాని పొట్టలో ఇప్పటికే ఉన్నవే. పాతదైతే వేరు. మెట్ట తాబేళ్ళ పేగుల్లో సన్నని సూదిపురుగులు ఉండటం మామూలు. కొద్దిగా ఉంటే అవి తాబేలును ఏమీ చేయవు, మేము మందు కూడా వేయము. వాటి గుడ్లు మలంతో బయటికి వచ్చి, వెచ్చని తడి నేలలో కొన్నాళ్ళు ఉంటే, అంటుకునే దశకు చేరతాయి. ఏలికపాముల గుడ్లకు ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. సాహెల్‌లో తాబేలు మేత వెతుక్కుంటూ ఎంతో దూరం నడిచిపోతుంది, తాను వేసిన చోటికి తిరిగి వచ్చే అవకాశం తక్కువ. మీ పెరటికి నాలుగు వైపులా గోడ ఉంది. తిన్నచోటే వేయాలి, వేసినచోటే తినాలి. అందువల్ల పెరట్లో పురుగులు అంతకంతకూ పెరుగుతాయి. కాబట్టి రోజూ సాయంత్రం చిన్న పారతో పెరట్లోని మలమంతా ఎత్తేయండి. బొరియ వాకిలి దగ్గర మరవకండి, రాత్రి వేసింది అక్కడే ఉంటుంది. ఒకటీ అరా అది ముందే తినేస్తే తిననివ్వండి, దాని నోటి ముందు నుంచి లాక్కోవద్దు.

కుక్క మలం మాత్రం ఒక్కసారి కూడా తిననివ్వకూడదు. దీన్ని కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే నాకు తెలిసినంతలో తాబేళ్ళను పెంచేవారికి ఎవరూ చెప్పని విషయం ఇదే. అమెరికాలో కుక్కలకు నెలనెలా గుండె పురుగుల మాత్ర వేస్తారు. మీరూ వేస్తూనే ఉంటారు, వేయాలి కూడా. ఆ మాత్రల్లో చాలావాటిలో ఐవర్‌మెక్టిన్ గానీ, దాని కుటుంబానికే చెందిన మరో మందు గానీ ఉంటుంది. ఈ మందు పురుగుల నరాలను చచ్చుబడేలా చేసి చంపుతుంది. కుక్కకు ఏమీ కాదు, ఎందుకంటే దాని రక్తానికీ మెదడుకూ మధ్య ఉన్న అడ్డుగోడ మందును లోపలికి పోనివ్వదు. కోలీ జాతి కుక్కల్లో చాలావాటికి ఆ గోడలో జన్యులోపం ఉండటం వల్లనే వాటికి ఈ మందు ఎక్కువ మోతాదులో పడదు. తాబేళ్ళకు ఇది చిన్న మోతాదులో కూడా ప్రాణాంతకం. కాళ్ళు, మెడ చచ్చుబడి, చివరికి ఊపిరి తీసుకోలేక చనిపోతాయి. ఎర్రకాళ్ళ తాబేళ్ళలో ఇది 1983లోనే నమోదైంది. అప్పటి నుంచి ఏ తాబేలుకూ ఐవర్‌మెక్టిన్ ఇవ్వకూడదన్నది మా వృత్తిలో చెక్కుచెదరని నియమం. ఈ మందు కుక్క ఒంట్లోంచి బయటికి పోయే ప్రధాన దారి మలమే.

కుక్కకు వేసే మాత్రలో మోతాదు చాలా తక్కువ. నిన్న ఒక్క కొరుకు కొరికినందుకు కూర్మయ్యకు ఏదో అయిపోతుందని నేను అనడం లేదు. ఈ రెండు రోజులూ దాన్ని చూస్తూ ఉండండి. ముక్కు ముందు చేయి పెడితే తల లోపలికి లాక్కుంటోందా? నడిచేటప్పుడు పొట్ట నేలకు తగలకుండా ఒంటిని పైకి లేపుతోందా? రెండూ చేస్తుంటే భయం లేదు. తల వేలాడదీసినా, కాళ్ళు ఈడ్చినా, నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా తెల్లవారేదాకా ఆగకండి, వెంటనే సరీసృపాలను చూసే వైద్యుల దగ్గరికి తీసుకువెళ్ళండి. కుక్కకు మాత్ర వేసిన తరువాత కనీసం రెండు వారాలు దాన్ని పెరట్లో మలవిసర్జన చేయనివ్వకుండా బయటికి నడిపించండి. వీలైతే ఎప్పుడూ అంతే చేయండి. ఇంకొక మాట, మొక్కలకు ఎరువుగా గుర్రపు లద్దె తెచ్చి పోసేవారు చాండ్లర్ చుట్టుపక్కల చాలామంది ఉన్నారు. గుర్రాలకు ఇదే మందు ఎక్కువ మోతాదులో పేస్టుగా ఇస్తారు. ఆ ఎరువు ఉన్న మడి వైపు తాబేలు పోకుండా కంచె వేయండి. పిల్లి వాడే మట్టి తొట్టె అందనివ్వకండి, నీళ్ళు తగిలితే గట్టిపడే ఆ మట్టి పేగులకు అడ్డుపడుతుంది.

ఇప్పుడు పెరుగన్నం, అరటిపండు. పెద్దావిడ ప్రేమతో పెడుతున్నారు, కాదనను. కానీ జారుగా వస్తున్నది ఆ ప్రేమ వల్లనే. పెద్దపేగులోని సూక్ష్మజీవుల సంతతి పీచును నమ్ముకుని ఉంటుంది. వాటి మీద ఒక్కసారిగా చక్కెర, పిండిపదార్థం వచ్చి పడితే పీచును పులియబెట్టేవి వెనకబడి వేరేవి విజృంభిస్తాయి. వాయువు పుడుతుంది, మలం కారుతుంది. పాలు, పెరుగు తాబేలుకు సృష్టిలో లేని ఆహారం. జారుగా వచ్చిన మలంలో అరగని పోషకాలు ఎక్కువ కాబట్టి తాబేలు దాన్ని మరింత ఇష్టంగా తింటుంది. మీ అత్తగారు కడుపు నింపుదామని పెట్టినదే ఆవిడను బాధపెట్టిన అలవాటును పెంచింది.

మంచి మలం ఎలా ఉండాలో చూపిస్తాను. రేపు ఒక పుల్ల తీసుకుని విరిచి చూడండి. ముదురు ఆకుపచ్చగా గానీ గోధుమరంగుగా గానీ, బిగువుగా ఉండాలి. విరిచినప్పుడు లోపల గడ్డి పోగులు, నలిగి నలగనట్టు, విడివిడిగా కనబడాలి. వాసన గడ్డివాము దగ్గరి వాసనలా ఉండాలి గానీ ముక్కు మూసుకునేలా ఉండకూడదు. పక్కనే తెల్లని ముద్ద కనబడుతుంది. అది మలం కాదు, తాబేలు మూత్రంలోని యూరిక్ ఆమ్లం. అది మెత్తగా వేళ్ళ మధ్య జారితే నీళ్ళు సరిపోతున్నాయి. ఇసుకలా గరగరలాడితే తాబేలుకు దాహం. అలాంటప్పుడు గడ్డం దాకా గోరువెచ్చని నీళ్ళున్న వెడల్పాటి టబ్బులో దాన్ని ఇరవై నిమిషాలు నిలబెట్టండి. చేతికి తొడుగు వేసుకోవడం మరవకండి.

మేత విషయంలో ఈ పని మొత్తాన్ని మీ అత్తగారికే అప్పగించమని నా సలహా. చాండ్లర్ పెరళ్ళలో వేసే బెర్ముడా గడ్డి మరేదో కాదు, వినాయకుడికి పెట్టే మన గరికే. కూర్మయ్య తినేదానిలో పదింట ఎనిమిది వంతులు ఆ గరిక, దాంతోపాటు దుకాణంలో దొరికే ఎండు గడ్డి ఉండాలి. మిగిలినదానికి మందార ఆకులు, పూలు, మల్బరీ ఆకులు, ద్రాక్ష ఆకులు, ముళ్ళు గీకేసిన నాగజెముడు మట్టలు. నాగజెముడులో కాల్షియం బాగా ఉంటుంది, అరిజోనాలో అడుగడుగునా దొరుకుతుంది. పెరట్లో ఒక మూల సముద్రపు కటిల్ చేప ఎముక ఒకటి పడేసి ఉంచండి, పక్షుల దుకాణాల్లో అమ్ముతారు. మలం కాక మట్టి, గులకరాళ్ళు కూడా మింగుతుంటే కాల్షియమో మరో ఖనిజమో చాలడం లేదేమో చూడాలి. మొజావే ఎడారి తాబేళ్ళు కాల్షియం కోసం సున్నపు మట్టి ఉన్న చోట్లను వెతికి తవ్వుకుని మరీ తింటాయి. అన్నం, చపాతీ, పండ్లు పూర్తిగా ఆపేయండి. గోంగూర, పాలకూర ఎప్పుడో ఒక రెమ్మ సరే, రోజూ పెడితే వాటిలోని ఆక్సాలిక్ ఆమ్లం కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వదు.

పూజ పూల దగ్గర మరీ జాగ్రత్త. చాండ్లర్‌లో ప్రతి వీధిలో గన్నేరు ఉంటుంది. గన్నేరు పూలతో పూజ చేసి, మర్నాడు నిర్మాల్యాన్ని మొక్కల మొదట్లో వేసే అలవాటు మన ఇళ్ళలో ఉంది. గన్నేరులో ఆకు, పువ్వు, కాయ, కొమ్మ అన్నీ విషమే, నేరుగా గుండె మీద పనిచేస్తుంది. పచ్చగన్నేరు కూడా అంతే. ఆ నిర్మాల్యం తాబేలుకు అందని చోట వేయమని పెద్దావిడకు నా మాటగా చెప్పండి.

మేత మార్చిన రెండు మూడు వారాలకు మలం గట్టిపడాలి. మెట్ట తాబేలు పేగుల్లో మేత నెమ్మదిగా కదులుతుంది కాబట్టి అంతకు ముందే ఫలితం కనబడలేదని కంగారు పడవద్దు. అప్పటికీ జారుగానే ఉంటే, లేదా మేత మానేస్తే, ఆ రోజు వేసిన మలాన్ని ప్లాస్టిక్ సంచిలో మూసి, చల్లని చోట ఉంచి, ఒక రోజు దాటకుండా వైద్యులకు ఇవ్వండి. సూక్ష్మదర్శినిలో చూసి పురుగులు ఎన్ని, ఏ రకం అన్నది చెబుతారు. చూడకుండా, కుక్క మందులు మిగిలాయి కదా అని మీరే వేయవద్దు. ఎందుకో పైన చెప్పాను.

మలం తినడం పూర్తిగా మానుతుందా అంటే మానదు. తగ్గుతుంది.

పాప విషయం ఆఖరున చెబుతున్నానని చిన్నదనుకోవద్దు. తాబేళ్ళ పేగుల్లో సాల్మొనెల్లా అనే బాక్టీరియా తరచుగా ఉంటుంది. తాబేలుకు దానివల్ల ఏ బాధా ఉండదు, చూడటానికి నిక్షేపంలా ఉంటుంది. ఐదేళ్ళ లోపు పిల్లలకు, పెద్దవయసువారికి సోకితే తీవ్రమైన విరేచనాలు, జ్వరం వస్తాయి, కొందరిలో రక్తంలోకి కూడా చేరుతుంది. పిల్లలు ఇలా జబ్బు పడుతున్నారనే 1975లో అమెరికా ప్రభుత్వం నాలుగు అంగుళాల కన్నా చిన్న డిప్ప ఉన్న తాబేళ్ళ అమ్మకాన్ని నిషేధించింది. ఆ నియమం ఇప్పటికీ ఉంది, అరచేతిలో ఇమిడే పిల్లలను అమ్మేవారూ ఉన్నారు. మలం తినే తాబేలు నోరు, దాని ముక్కు, అది నడిచిన నేల అన్నీ ఒకటే అనుకోండి. పాప దూరం నుంచి చూడవచ్చు, ముట్టుకోకూడదు, ముద్దు అసలే పెట్టకూడదు. అబ్బాయి ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి. తాబేలు టబ్బును వంటింటి సింకులో కడగవద్దు.

ఒక్కటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఈ తాబేలు యాభై కిలోల దాకా పెరుగుతుందని, డెబ్బై ఏళ్ళు దాటి బతకగలదని అమ్మినవారు మీకు చెప్పారా? అరిజోనాలో వదిలేసిన సుల్కాటాలను చేరదీసే ఆశ్రయాలు నిండిపోయి ఉన్నాయి. మీ అబ్బాయి కాలేజీకి వెళ్ళాక కూర్మయ్యను ఎవరు చూసుకుంటారో ఇప్పటి నుంచే మాట్లాడుకోండి.

ప్రశ్న: మేము టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాము. మా రష్యన్ తాబేలు పిల్లకు న్యుమోనియా వస్తే వైద్యులు యాంటీబయాటిక్స్ ఇచ్చారు. జబ్బు తగ్గింది గానీ మేత సరిగా ముట్టడం లేదు. పెద్ద తాబేలు మలం తినిపిస్తే ఆకలి పుడుతుందని ఒకరు చెప్పారు. మా స్నేహితుల ఇంట్లో పెద్ద సుల్కాటా ఉంది. దాని మలం తెచ్చి పెట్టవచ్చా?

జవాబు: వద్దండి. ఆలోచనలో తప్పు లేదు, మార్చవలసింది దాతను, అంటే మలం ఇచ్చే తాబేలును. యాంటీబయాటిక్ ఊపిరితిత్తుల్లోని చెడ్డ బాక్టీరియాతో పాటు పేగుల్లోని మంచివాటినీ కొంత తుడిచేస్తుంది. ఆరోగ్యంగా ఉన్న తాబేలు మలాన్ని నీటిలో కలిపి, వడకట్టి, గొట్టంతో పొట్టలోకి పంపడం మేము కూడా చేస్తాము. కానీ దాత అదే జాతిదై ఉండాలి, దాని మలాన్ని ముందుగా పరీక్షించి ఉండాలి. ఒక జాతి తాబేలులో ఏ గొడవా చేయకుండా ఉండే అమీబా, వైరస్ మరో జాతికి ప్రాణం తీసేవి కావచ్చు. మీ పిల్లకు ఇప్పుడే జబ్బు తగ్గింది, తట్టుకునే శక్తి తక్కువ. తెలియని పెరటి నుంచి తెచ్చిన మలం దానికి ఇవ్వవద్దు.

దానికన్నా ముందు వేడి సంగతి చూడండి. తాబేలు ఒంటికి సొంత వేడి లేదు, పేగుల్లోని సూక్ష్మజీవులకూ ఆ వేడే ఆధారం. దీపం కింద అది ఒళ్ళు కాచుకునే చోట థర్మామీటరు పెట్టి చూడండి, 35 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండాలి. 28 దగ్గరే ఉంటే ఎంత మంచి మేత పెట్టినా అరగదు, అరగనప్పుడు ఆకలీ ఉండదు. రోజూ గోరువెచ్చని నీటిలో పదిహేను నిమిషాలు నిలబెట్టండి. డాండెలియన్ ఆకులు, పూలు సన్నగా తరిగి పెట్టండి. పసుపు రంగు పూలను చాలా తాబేళ్ళు మొదట ముట్టుకుంటాయి. వారంలో బరువు తగ్గితే మీ వైద్యులనే అడగండి, దాతను వారే చూస్తారు. ఈలోగా అది తన మలం తాను తింటుంటే అడ్డుపడకండి.

ప్రశ్న: మాది కదిరి దగ్గర పల్లె. వేరుశనగ చేనులో మా నాన్నకు వీపు మీద పసుపు నక్షత్రాలున్న తాబేలు దొరికితే ఇంటికి తెచ్చారు. నెల నుంచి మేకల దొడ్లో తిరుగుతోంది. మేక పెంటికలు ఏరుకుని తింటోంది. దానికి ఏమైనా అవుతుందా?

జవాబు: బాబూ, మేక తినేదీ ఆకే, తాబేలు తినేదీ ఆకే. ఎండిన పెంటికలు తిన్నంత మాత్రాన దానికి పెద్ద హాని ఉండదు. అయితే వానాకాలం ముందు మేకలకు నట్టల మందు వేస్తారు, ఐవర్‌మెక్టిన్ సూది కూడా వేస్తారు. ఆ మందు వేసిన దొడ్లో తాబేలు ఉండకూడదు. మొదటి జవాబులో దాని గురించి రాశాను, చదువు.

అంతకన్నా ముఖ్యమైనది, ఆ తాబేలు మీ దొడ్లోనే ఉండకూడదు. అది నక్షత్ర తాబేలు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టడం, పెంచడం, అమ్మడం నేరం. మీ నాన్న చెడ్డ ఉద్దేశంతో తెచ్చారని నేను అనుకోవడం లేదు. పొలంలో మేస్తున్న జీవిని ముచ్చటపడి తెచ్చారు. కానీ మీ ప్రాంతం నుంచే, అనంతపురం, చిత్తూరు, కోలారు చుట్టుపక్కల మెట్ట పొలాల నుంచే వీటిని గోనెసంచుల్లో, పెట్టెల్లో వేసి విదేశాలకు దొంగతనంగా తరలిస్తున్నారు. చెన్నై, బెంగళూరు విమానాశ్రయాల్లో పట్టుబడుతూనే ఉన్నాయి. ఈ వ్యాపారాన్ని ఆపడానికే 2019లో జెనీవాలో జరిగిన సమావేశంలో ప్రపంచ దేశాలు నక్షత్ర తాబేలును అంతర్జాతీయ వ్యాపారం పూర్తిగా నిషిద్ధమైన జంతువుల జాబితాలో చేర్చాయి. రేపు ఎవరైనా కొంటామని మీ ఇంటికి వస్తే ఒక్క మాట కూడా మాట్లాడకండి.

అలాగని నువ్వే తీసుకువెళ్ళి ఏదో గుట్ట మీద వదిలేయకు. నెల రోజులు మేకల మధ్య, మీ ఇంటి కోళ్ళ మధ్య ఉంది. ఏ జబ్బు అంటించుకుందో చూడకుండా అడవి తాబేళ్ళ మధ్యకు పంపకూడదు. గాలి ఆడేలా చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో అడుగున ఎండు గడ్డి పరిచి తాబేలును అందులో ఉంచి, ఎండ తగలకుండా అటవీ శాఖ రేంజి ఆఫీసుకు తీసుకువెళ్ళండి. నీళ్ళ గిన్నె లోపల పెట్టవద్దు, కుదుపులకు ఒలికి తాబేలు తడిసిపోతుంది. నాన్నను కూడా వెంట తీసుకువెళ్ళు, ఎక్కడ దొరికిందో ఆయనకే బాగా తెలుసు. ఊరి పేరు ఒక్కటే చెబితే సరిపోదు. ఏ చేను, ఏ గట్టు, పక్కన వంక ఉందా గుట్ట ఉందా, అన్నీ రాయించండి. వైద్యులు చూసి బాగుందంటే దాన్ని వదిలేది ఆ గుర్తుల ప్రకారమే.